కుంపిణీ వర్తకమున తెలుగు కార్యస్థులు

వ్యాపారమును నడపువారిని, ఆ నడపువారిని కనిపెట్టి చూచువారిని తెలుపుటకు తెలుగుభాషలో నెన్ని మాటలు కలవో యెంచి చూచినచో నీ దేశపు వర్తకచరిత్రమంతయు నా మాటలయందే పొరలు పొరలుగా నిలిచియున్నట్లు తోచును. కార్యస్థుడు, సంప్రతి, కరణము, వ్రాయసకాడు, పారుపత్యగాడు అనునవి దేశీయప్రభువుల కాలమునుండి వాడుకలో నున్నవి. గుమాస్తా, కారకూను అనునవి పారసీకమునుండి వచ్చినవి. మొదటిదానికి నియమింపబడినవాడనియు, రెండవదానికి పని చేయువాడనియు నర్థము. దళారి యనునది అరబీ పదము. పనివాండ్రపై నధికారియగు మేస్త్రి పోర్చుగీసువారితో నోడ దిగినవాడు. రెండు భాషల నెరిగిన దుబాసి ద్విభాషిశబ్దమునుండి పుట్టి, కాలక్రమమున భాషాంతరీకరణముతో తృప్తిపడక, బేరము, అప్పు, పూచీ, రాయబారము అను నాల్గింటికిని కర్తయయ్యెను. ప్రభువులు మారిరి, కొనువారు మారిరి. కాని సరకు చేయువానికిని సరకు కొనువానికిని నడుమ నొక మనిషి యుండక తప్పలేదని యీ పదసంచయమే సాక్ష్యమిచ్చుచున్నది.

అయినను చరిత్రగ్రంథములలో నీ నడిమివానికి తగిన స్థానము లభింపలేదు. చెన్నపట్టణచరిత్ర మనగా గవర్నరుల చరిత్రగను, కోట గోడల చరిత్రగను వ్రాయబడుచు వచ్చినది. బేరి తిమ్మన్న, కాశి వీరన్న మొదలగు తెలుగు వర్తకముఖ్యులు గవర్నరుల వృత్తాంతముల యంచులలో నక్కడక్కడ కనబడి మాయమగుదురు. వీరన్న పేరు ఆంగ్లేయుల లెక్కలలో ‘కాసా వెరోనా’ యని మారి, చదువరికి తెలుగు పేరని తోపకుండ పోయినది. కాని 17వ శతాబ్దిలో నీ తీరమున జరిగిన వస్త్రవర్తకమును నిజముగా నడపినవా రెవరు, వారిపై తనిఖీ యెట్లు జరిగెను, ఆ తనిఖీ యెచ్చట తప్పెను అను ప్రశ్నలకు సమాధానము వెదకినచో నా యంచులలోని పేర్లే నడుమకు వచ్చి నిలుచును.

శాస్త్రమున అధ్యక్షుడు

వ్యాపారనిర్వాహకుని గూర్చిన యాలోచన యీ దేశమునకు క్రొత్త కాదు. 1909లో మైసూరునందు శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ యధికరణము సర్వమును అధ్యక్షుల విధులే. పణ్యాధ్యక్షుడు స్థలమార్గమున, జలమార్గమున వచ్చు సరకుల వెలల హెచ్చుతగ్గులను, గిరాకి గల కాలమును ముందుగా నెరిగియుండవలెను. సూత్రాధ్యక్షుడు నూలు వడకించి, వస్త్రములు నేయించి, నూలు యొక్క సన్నదనమును, మధ్యమత్వమును, ముతకదనమును బట్టి కూలి నిర్ణయింపవలెను. కూలి యిచ్చు కాలమును దాటించినచో దండనము కలదు; చేయని పనికి కూలి యిచ్చినను దండనము కలదు. అనగా పైవానికి నష్టము కలుగకుండుట యెంత ముఖ్యమో, క్రిందివానికి కూలి కాలమున కందుటయు నంత ముఖ్యమని శాస్త్రకారుని మతము.

అధ్యక్షుని నమ్ముట యెంతవరకు? కౌటిల్యుడు రాజధన మపహరించు మార్గములను 40గా లెక్కించెను. దానికి విరుగుడుగా నొక్కొక్క శాఖకు బహుముఖ్యులుండవలెననియు, వారు శాశ్వతముగ నచ్చటనే పాతుకొని యుండరాదనియు విధించెను. అక్షపటలమను లెక్కల కచ్చేరి వేరుగా నుండవలె నన్నాడు. సరకును పట్టుకొన్నవాడును, లెక్కను పట్టుకొన్నవాడును ఒక్కడే కారాదను సూత్రమిది.

పొత్తు వ్యాపారమును గూర్చి ధర్మశాస్త్రమున సంభూయసముత్థానమను ప్రకరణము కలదు. యాజ్ఞవల్క్యస్మృతి ననుసరించి పొత్తుదారులు తాము పెట్టిన సొమ్మునకు తగినట్లో, ముందు చేసికొన్న యొడంబడిక చొప్పుననో లాభనష్టముల పంచుకొనవలెను. పొత్తులో నొకడు తోడివారు వలదన్న పనిని చేసి గాని, చెప్పని పనిని చేసి గాని, ఏమరుపాటున గాని సరకు చెరచినచో వాడే దానిని పూరింపవలెను. ఆపదనుండి సరకును కాపాడినవానికి దానిలో పదియవ పాలు చెందును. దీనిపై విజ్ఞానేశ్వరుడు కల్యాణనగరమున మితాక్షరను రచించెను. ఆ మితాక్షరను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. వ్యవహారశాస్త్రము తెలుగున పద్యమై వెలసిన యా శతాబ్దియందే, క్రీ.శ. 1244లో, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. పూర్వరాజులు గాలివానకు కొట్టుకొనివచ్చి తీరమున పడిన యోడల సరకును స్వాధీనము చేసికొనుచుండిరి. గణపతిదేవుడట్లు చేయక, న్యాయమైన సుంకమును మాత్రమే గైకొందునని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. శాస్త్రములోని ‘కాపాడినవానికి పాలు, చెరచినవానికి తప్పు’ అను తూకము, రేవులోని అభయము, రెండును గలసి తెలుగుతీరపు వర్తకమునకు పునాదులైనవని చెప్పవచ్చును. తరువాతి కథ నీ తూకముతోనే కొలిచి చూడవలెను.

పుంజముల లెక్క

ఆంగ్లేయుల ఈస్టిండియా కుంపిణీవారు 1611లో మచిలీపట్టణమున కోఠీ వేసిరి. డచ్చివారు వారికంటె ముందే యా రేవున దిగియుండిరి. ఇరువురికిని కావలసినది యొక్కటే: తెలుగుసాలెలు నేసిన నూలు వస్త్రములు. మసాలాదినుసుల దీవులలో నీ వస్త్రములే నాణెములవలె చెల్లుచుండెను. తరువాత ఐరోపాఖండమందును వాటికి మోజు పెరిగినది.

ఈ వస్త్రములను సంపాదించుట అంగడిలో సరకు కొనుటవంటిది కాదు. ‘లాంగుక్లాతు’ అని పేరుపడిన నిడుగుడ్డ దాదాపు 72 మూరలుండవలెను. దాని మేలిమికి కొలత పుంజము. 120 పడుగుపోగు లొక పుంజము. 18 పుంజముల గుడ్డయనగా పడుగున 2160 పోగులుండవలెనన్నమాట. సాలెవాడు రెండు పుంజములు తగ్గించి నేసినచో 240 పోగులు లోపించును. గంజి పెట్టి చలువ చేసిన పిమ్మట నా లోపము సామాన్యుని కంటికి కనబడదు. లండనులో నమ్ముడుపోవునపుడు కనబడును. అప్పటికి నేత జరిగి యేడాదికి పైగా గడచియుండును. తప్పు చేసిన గ్రామ మేదో, చేయి యేదో తెలిసికొనుట యసాధ్యము. కాబట్టి సరకు మగ్గముమీద నున్నపుడో, గిడ్డంగిలోనికి వచ్చినపుడో పోగులు చూచి, మాదిరిగుడ్డతో సరిపోల్చి, మొదటి తరగతి, రెండవ తరగతి యని వేరుపరచి, పనికిరానిదానిని త్రిప్పి పంపగల కన్ను కావలెను. ఆ కన్నే యీ వ్యాపారమునకు ప్రాణము.

రెండవ యక్కర బయానా. సాలెవానియొద్ద నూలు కొనుటకు సొమ్ము లేదు. ప్రత్తి దక్కను మెట్టనేలలనుండి బంజారీల యెద్దులమీద తీరమునకు రావలెను. ముందుగా సొమ్మిచ్చిననే మగ్గమాడును. కరవు వచ్చినను, దండు నడచినను, ప్రత్తివెల పెరిగినను బయానాసొమ్ము గుడ్డగా మారదు. ఏ గ్రామమున నే సాలెకెంత యిచ్చినచో తిరిగి వచ్చునో యెరిగినవాడు కావలెను.

మూడవది కాలము. ఓడలు నడివేసవి దాటిన పిమ్మట వచ్చును. ఈశాన్యపు గాలివానలు పుట్టు అక్టోబరు, నవంబరు మాసములలో తీరమున లంగరు వేసియుండుట ప్రాణాపాయము. అంతలో మూటలు కట్టి సిద్ధముగ నుంచనిచో నోడ యూరక నిలువవలెను, లేక సగము బరువుతో పోవలెను. యజమానులు లండనులో నున్నారు. వారి యుత్తరము రావలెనన్న నారు నెలలు, దానికి ప్రత్యుత్తరము పోవలెనన్న మరి యారు నెలలు. కాబట్టి కుంపిణీ పేరు యజమానిదైనను, నిర్ణయములన్నియు తీరమున నున్న కార్యస్థులవే.

ఈ మూడు పనులను విదేశీయులు చేయగలిగిరా? చేయలేకపోయిరి. వారిలో పెక్కుమందికి తెలుగు రాదు. రేవులలో నడచు వ్యవహారభాష తొలినాళ్ళలో పోర్చుగీసు. గ్రామమునకు పోయి సాలెతో బేరమాడుటకు, బయానాకు పూచీ పడుటకు దేశీయ వర్తకుడే శరణ్యము. అతనిక్రింద దళారులు, ఆ దళారులక్రింద గ్రామములలోని పెద్దసాలెలు, వారిక్రింద మగ్గములు. ఇట్లు నాలుగు మెట్లుగా నీ నిర్వహణము కట్టబడినది.

తిమ్మన్నయు వీరన్నయు

1639లో దామర్ల వేంకటాద్రి నాయకునియొద్ద ఫ్రాన్సిస్ డే చెన్నపట్టణపు స్థలమును పొందిన దినములనుండియు బేరి తిమ్మన్న యాతనికి దుబాసిగా సహాయపడెను. ఇతడు 1648లో చెన్నకేశవస్వామి యాలయమునకు దానపత్రము వ్రాసి యిచ్చెను. కోట కట్టినవారి పేర్లు రాళ్ళమీద నిలిచెను. కోటకు వర్తకులను, సాలెలను, అద్దకపువారిని రప్పించి కాపుర ముంచినవారి పేర్లు గుడిదానములయందు నిలిచెను.

తిమ్మన్నతో జతగూడి, అతని పిమ్మట నొంటిగా, కుంపిణీకి ముఖ్యవర్తకుడై కొన్నియేండ్లు చెన్నపట్టణపు వర్తకమునంతటిని చేతిలో నుంచుకొన్నవాడు కాశి వీరన్న. కుంపిణీవారు యేటికి కావలసిన వస్త్రముల పట్టికను, బయానాసొమ్మును వీరన్న కొప్పగింతురు. ఇతడా పట్టికను తనక్రింది వర్తకులకు పంచి, వారివలన గ్రామములకు చేర్చి, గడువునకు సరకు తెప్పించును. తక్కువపడినచో పూచీ యతనిదే. ఇతని పలుకుబడి కోట గోడలకు పరిమితమైనది కాదు. ఫ్రెంచివారు విడిచిన పిమ్మట గోలకొండ ప్రభుత్వమువారి చేతికి వచ్చిన శాంథోమును గుత్తకు పుచ్చుకొని యేలినవాడితడు. మహమ్మదీయు లితనిని హసన్‌ఖాన్ అను పేర పిలిచెడివారు. ఆంగ్లేయులకును, గోలకొండ యుద్యోగులకును తగవు వచ్చినపుడు నడుమ మాట నడపగలిగినవాడీతడే.

ఇట్టివానిని కుంపిణీకి సేవకుడనవలెనా? జీతము పుచ్చుకొన్నవాడు కాడు. స్వతంత్ర వర్తకుడనవలెనా? కుంపిణీ పని లేనిదే యంతటి పలుకుబడి కలుగదు. నిజమునకు వీరన్న పొత్తుదారుకును, కార్యస్థునకును నడుమనున్నవాడు. తన సొమ్ము, తన పరపతి, తన పేరు మూటిని పణముగా నొడ్డి యితరుల వ్యాపారమును నడపినవాడు. సరకు చెడినచో తన సంచియే ఖాళీయగును గనుక నాతని తనిఖీ నిజమైన తనిఖీ. యాజ్ఞవల్క్యుడు చెప్పిన ‘చెరచినవాడే పూరింపవలెను’ అను విధి యిచ్చట శాసనముగా గాక యాచారముగా నమలైనది.

కాని యీ పద్ధతిలో నొక గొప్ప లోపమును దాగియున్నది. ఒక్కడే ముఖ్యవర్తకుడై యుండుటచేత పోటీ లేకపోయెను. మిగిలిన వర్తకు లాతని దయపై నాధారపడవలసివచ్చెను. సాలెకు చేరు వెల యాతడు నిర్ణయించినదే. కోటలోని గవర్నరును, కోట బయటి ముఖ్యవర్తకుడును చేతులు కలిపినచో వారిని కనిపెట్టువాడెవడు? 1670 మొదలు 1678 వరకు గవర్నరుగా నుండిన విలియం లాంఘార్న్ వీరన్నవలన రహస్యముగ సొమ్ము గైకొనుచున్నాడను ఆరోపణ లండనుకు చేరెను. కుంపిణీవా రతని పదవినుండి తొలగించిరి. బహుముఖ్యులుండవలెనని కౌటిల్యుడు చెప్పినదాని మర్మ మిచ్చట తెలియవచ్చుచున్నది.

పుస్తకముల యధికారము

లాంఘార్న్ తరువాత 1678లో గవర్నరైన స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ అంతకు రెండేండ్లు ముందే తనిఖీదారుగా వచ్చినవాడు. 1676లో చెన్నపట్టణము చేరి, అచ్చటనుండి మచిలీపట్టణమునకును, వంగదేశపు కోఠీలకును పోయి లెక్కలు విప్పించి చూచెను. 1679లో మరల తెలుగుతీరపు కోఠీలకు ప్రయాణము చేసెను. నరసాపురము చేరువనున్న మాధవాయపాలెపు కోఠీ యాతడు తనిఖీ చేసినవానిలో నొకటి. ఈ ప్రయాణముల దినచర్యలు నేటికిని నిలిచియున్నవి.

మాస్టర్ కనుగొన్నదేమనగా, కోఠీలయందు పని జరుగుచున్నది గాని పని జరిగిన తీరు కాగితముపై లేదు. అతడేర్పరచిన పద్ధతి యిది: ప్రతి కోఠీయందును ఆలోచనసభ కూడవలెను, అచ్చట జరిగిన తీర్మానమును వెంటనే గ్రంథమున కెక్కించి సభ్యులందరును వ్రాలు చేయవలెను. దినచర్యపుస్తకము వేరుగా నుంచవలెను. వచ్చిన యుత్తరములకును, పోయిన యుత్తరములకును ప్రతులు పుస్తకములుగా కట్టవలెను. లెక్కల పుస్తకము పట్టువాడొకడు, గిడ్డంగి తాళము పట్టువాడు మరియొకడు కావలెను. వీటి ప్రతులు యేటేట పైకచ్చేరీకి చేరవలెను.

ఈ విధులు చూచుటకు చిన్నవి; ఫలమున పెద్దవి. అంతకుముందు కోఠీముఖ్యుడు చనిపోయినను, మార్పబడినను లెక్క యాతనితోనే పోవుచుండెను. ఇక మనిషి పోయినను పుస్తకము నిలుచును. క్రొత్తగా వచ్చినవాడు పాతవాని తప్పును చదివి తెలిసికొనవచ్చును. తెలుగు కరణములు తాటాకుకవిలెలలోను, కడితములలోను తరతరములుగా చేయుచుండినదే యిది. కాని కవిలె కరణపు కుటుంబపు సొత్తు, మాస్టర్ పుస్తకము కచ్చేరి సొత్తు. ఈ భేదమే ముఖ్యమైనది. దక్షిణదేశపు వర్తకచరిత్రము నేడు వ్రాయుటకు వీలగుచున్నదన్న నీ పుస్తకముల చలవయే.

పుస్తకము కోటలోని కార్యస్థుల నదుపులో నుంచగలిగెను. కోట వెలుపలి కార్యస్థుల నుంచగలిగెనా? 1680 మార్చిలో కాశి వీరన్న చనిపోయెను. ఆతని గౌరవార్థము కోటలో ఫిరంగులు మ్రోగించిరి. ఒక దేశీయవర్తకునకు కోటవారు చేసిన యీ మర్యాద యాతని స్థానమును తెలుపుచున్నది. తరువాత తిమ్మన్న తమ్ముడు పెద్ద వేంకటాద్రి ముఖ్యవర్తకుడయ్యెను. కోటవారు ఒక్కని చేతిలోనే వర్తకమంతయు నుండకుండ వర్తకులను పొత్తుగా నేర్పరచి, వాటాల సొమ్ముతో బయానా భారమును పంచిపెట్టుటకు పూనుకొనిరి. ఇట్టి పొత్తులను డచ్చివారు ఇదే తీరమున నంతకుముందే నడుపుచుండిరి.

ఆ సంవత్సరమే వేంకటాద్రికిని కోటవారికిని పొసగక, వర్తకులు, అద్దకపువారు మొదలగు వారనేకులు పట్టణము విడిచి శాంథోమునకు వెడలిపోయిరి. ఓడలకాలమున మగ్గమునకును, గిడ్డంగికిని నడుమనున్న మెట్లన్నియు నొక్కమారు తొలగినట్లయ్యెను. మాస్టర్ వారి కుటుంబములను కోవెలలో కాపలాయందుంచి, వేంకటాద్రిని చెరపెట్టి, యెట్టకేలకు వారిని లొంగదీసెను. గెలుపు కోటదే యైనను, ఈ సంఘటనము తెలిపిన సత్యము వేరు. నడిమివారు కదిలిపోయినచో కోటయు, పుస్తకములును, ఓడలును కలిసి యొక్క గజము గుడ్డనైనను పుట్టింపజాలవు. కోటవారీ సత్యమును మరువలేదు. 1688లో చెన్నపట్టణమున పురపాలకసంఘ మేర్పడినపుడు చిన వేంకటాద్రి, ముద్దు వీరన్న మొదలగు వర్తకముఖ్యులకు దానిలో సభ్యత్వ మీయబడినది.

జీతమును రాబడియు

ఆంగ్లేయ కార్యస్థుల మెట్లు వేరు. రైటరుగా ప్రవేశించినవాడు కొన్నియేండ్లు లెక్కలు వ్రాసి ఫ్యాక్టరగును, పిమ్మట మర్చంటు, ఆపై సీనియరు మర్చంటు, తుదకు ఆలోచనసభలో నొకడు. అనుభవమును బట్టి పదవి యెక్కుట మంచి కట్టడియే. కాని రైటరు జీతము యేటికి 10 పౌన్లు. సముద్రములు దాటి, యెండదెబ్బకును, జ్వరములకును ఓర్చి బ్రతుకుటకు వచ్చినవాని కీ జీతము చాలునని లండనువారు సయితము నమ్మియుండరు. అందుచేత ఐరోపావర్తకమును తమకే యుంచుకొని, ఆసియా రేవులమధ్య సొంతవర్తకము చేసికొనుటకు తమ యుద్యోగుల కనుమతి యొసగిరి.

దీని ఫలము ముందే యూహింపదగినది. పగలు కుంపిణీ సరకును చూచిన కన్నే రాత్రి తన సరకును చూచును. మంచి సాలె, మంచి దళారి, మంచి ఓడజాగా తన సరకునకే చెందవలెనని కోరును. 1687 మొదలు 1692 వరకు గవర్నరుగా నుండిన ఎలిహూ యేల్ సొంతవర్తకముమూలమున గొప్ప ధనవంతుడై, అభియోగములమధ్య పదవి కోల్పోయెను. ఆ ధనములో కొంత 1718లో దానముగా పొందిన యమెరికాదేశపు విద్యాలయ మొకటి నేటికిని యాతని పేరనే వెలయుచున్నది. తక్కువ జీతమిచ్చి యెక్కువ నమ్మకమును కోరుట, నమ్మకము చెడినపిమ్మట తనిఖీదారుని పంపుట, ఆ తనిఖీదారుని మీదను పితూరీలు వినుట, ఇదియే కుంపిణీ నిర్వహణచరిత్రము. మాస్టరును సయితము 1681లో తప్పించి వేరొకని నియమించిరి.

కార్యస్థుని లోపలి మనస్సును కనుగొనుటకు పుదుచ్చేరి దుబాసియగు ఆనందరంగపిళ్ళ తమిళమున వ్రాసికొన్న దినచర్యకు సాటియైనది లేదు. 1736లో మొదలై 1761 వరకు సాగిన యీ దినచర్యలో డ్యూప్లే యాజ్ఞలు, వర్తకులతో వస్త్రముల బేరములు, యుద్ధవార్తలు, ఇంటి పెండ్లిండ్లు నొక్కచో కలిసియున్నవి. కుంపిణీ పుస్తకము సభ తీర్మానించినదానిని చెప్పును. ఈ దినచర్య తీర్మానమునకు ముందు వరండాలో నేమి గుసగుసలాడిరో చెప్పును. పిళ్ళవారు తెలుగు కవుల నాదరించినవారు. కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథమును ఆనందరంగరాట్ఛందమని యాతని పేరనే వెలయించెను. ఇట్లు ఛందశ్శాస్త్రమొకటి వస్త్రవర్తకపు కార్యస్థుని గిడ్డంగినీడను పెరిగినది. పదవి పోయిన పిమ్మట, ముట్టడిలోనున్న పట్టణమున 1761 జనవరిలో నాతడు మరణించెను. ఆ నెలలోనే పుదుచ్చేరి యాంగ్లేయుల వశమయ్యెను. రెండు ప్రభుత్వములకు నడుమ బ్రతికిన కార్యస్థుడు ప్రభుత్వముతోడనే యస్తమించుటకు నిదియొక నిదర్శనము.

గుమాస్తాల కాలము

18వ శతాబ్ది యుత్తరార్ధమున నిర్వహణస్వరూపమే మారినది. 1766లో నిజాముతో జరిగిన యొడంబడికచే ఉత్తరసర్కారులు కుంపిణీవశమయ్యెను. కొనువాడే యేలికయయ్యెను. అంతట పూచీపడు వర్తకముఖ్యుల యవసరము తగ్గి, జీతముపై పనిచేయు గుమాస్తాలు, వారిపై వర్తక రెసిడెంటులు బయలుదేరిరి. ఇంజరము, మాధవాయపాలెము మొదలగు కోఠీలనుండి గుమాస్తాలు నేరుగా సాలెపల్లెలకు పోయి బయానాల నిచ్చి గుడ్డలను రాబట్టసాగిరి.

పైకి చూచుటకిది మేలైన యేర్పాటువలె తోచును. నడుమ లాభము తీయువాడు తొలగెను గదా! కాని సంగతి వేరువిధముగ పరిణమించెను. పూర్వము సాలెవానికి బయానాను తిరిగి యిచ్చివేసి బేరమును విడుచుకొను నాచార ముండెను. ప్రత్తివెల పెరిగినచో, వేరొక కొనుగోలుదారు మంచి వెల యిచ్చినచో నతడు తప్పించుకొనగలడు. వర్తకముఖ్యుడు సాలెను మరీ పీడించినచో సాలె మగ్గమెత్తుకొని పొరుగూరు పోవును, నష్టము వర్తకునిదే. కాబట్టి పీడనకు నొక మేర యుండెను. గుమాస్తా కాలమున నీ మేర చెరిగిపోయెను. సాలె యితరులకు నేయరాదు. బయానా త్రిప్పి యీయరాదు. గడువు దాటినచో బంట్రోతు వాకిట కూర్చుండును. వాని బత్తెము సాలెయే పెట్టుకొనవలెను. గుడ్డను క్రింది తరగతికి త్రోసి వెల తగ్గించునది గుమాస్తా. దానిపై విన్నపము వినునదియు నా గుమాస్తా యధికారియే. కూలి యాలస్యమైనచో అధ్యక్షునికి దండన విధించిన శాస్త్రకారుని తూకము తలక్రిందులయ్యెను.

గుమాస్తా చెరచినచో పోవునది తన సొమ్ము కాదు. కాపాడినచో వచ్చు పదియవ పాలును లేదు. అతనికి మిగిలినది అధికార మొక్కటే. 1798లో గోదావరిప్రాంతపు సాలెవారు కుంపిణీవారి వర్తకపద్ధతులపై నెదురుతిరిగిరి. వారికీ తీరమున నేతపని తెలియక కాదు, మగ్గములు లేక కాదు. తమకును కొనువానికిని నడుమనున్న మనిషి తమ మాట వినువాడు కాకపోవుటచేతనే యట్లు జరిగినది.

తరువాతి కథ క్లుప్తము. 1813లో కుంపిణీ యొక్క భారతవర్తకపు గుత్తాధిపత్యము తొలగెను. ఇంగ్లండులో యంత్రములపై నేసిన గుడ్డ తెలుగుదేశపు సంతలకే వచ్చెను. 1833 శాసనముచే కుంపిణీ వర్తకమునే చాలించెను. మగ్గములకు బయానా నిచ్చువారు లేకపోయిరి. మాధవాయపాలెపు కోఠీ పోయినది. కాని ఆ యూరి పేరు ‘మడపొల్లం’ అని మారి, ఇంగ్లండు మిల్లులలో నేసిన యొకరకపు నూలుగుడ్డకు పేరై యాంగ్లనిఘంటువులలో మిగిలినది. కాశి వీరన్న ‘వెరోనా’ యైనట్లే యిదియును.

తుదిమాట

పై వృత్తాంతమువలన తేలిన సారమిది. నిర్వాహకుడు లేని వ్యాపారము లేదు. కాని నిర్వాహకుని బలమెట్టిదో వ్యాపారమునట్టిదే యగును. వీరన్న కాలమున తనిఖీకి కన్నుండెను, పూచీ యుండెను. పోటీ లేదు, లిఖితమైన లెక్క లేదు. మాస్టర్ కాలమున లెక్క వచ్చెను. కాని లెక్క వ్రాయువానికి బ్రతుకుదెరువు చాలినంత లేక యా లెక్కయు వంకరపోయెను. గుమాస్తాల కాలమున లెక్కయు నుండెను, అధికారము నుండెను. పూచీ మాత్రము లోపించెను. ఈ మూడును ఒక్కచో కలిసిన కాలము కుంపిణీ చరిత్రమున లేకపోయినది.

వర్తకముఖ్యుల కాలమును స్వర్ణయుగమని పొగడుట తగదు. వారును సాలె కష్టముపైననే మేడలు కట్టిరి. అయినను సరకు చెడినపుడు నష్టపోవువాడు, సాలె వలసపోయినపుడు భయపడువాడు, ఓడ తప్పినపుడు పేరు పోగొట్టుకొనువాడు నడుమ నుండుటచేత మగ్గమునకు కొంత రక్ష కలిగెను. ఆ రక్ష తొలగిన రెండు తరములలో మగ్గమే కూలెను. రాజులను, యుద్ధములను చదివించు పాఠశాలలలో, పుంజమునకు 120 పోగులని యెంచిన యా కన్నులను గూర్చియు నొక పాఠము చెప్పవలసియున్నది. వీరన్న, తిమ్మన్నల పేర్లను విదేశీయుల వ్రాతలనుండి విడిపించి తెలుగు పేర్లుగా మరల వ్రాయుట యందులకు మొదటి మెట్టు.